‘మైనరే కదా, ఏమీ కాదులే’ అంటున్నాడు ఓనరు. మావాణ్ణి కేసు ఒప్పుకోమనాలా?

ప్రశ్న

రాయలసీమ నుంచి ఒక రైతు రాసిన ఉత్తరం ఇది. ఊరి పేరు, మనుషుల పేర్లు బయటపెట్టొద్దని కోరారు. అవి తీసేసి, కొంత కుదించి ఇస్తున్నాను.

పెన్నలో కలిసే ఒక ఏటి ఒడ్డున ఆయనకు రెండెకరాల చేను, అందులో ఒక బోరు ఉన్నాయి. తాతల కాలంలో ఆ ఏట్లోంచి తీసిన ఊట కాలువ కింద వరి పండేదట. ఇప్పుడా కాలువ ఆనవాలు కూడా లేదు. ఏట్లో ఇసుక నిలువెత్తు లోతున తోడేశారు. మూడేళ్లుగా బోరు సరిగా పోయడం లేదు. కూతురికి పెళ్లయింది. కొడుక్కి పదిహేడేళ్ల ఏడు నెలలు. ఇంటర్ రెండో సంవత్సరంలో రెండు సబ్జెక్టులు పోయాక కాలేజీ ముఖం చూడలేదు. మొదట ఇసుక ట్రాక్టర్లకు లోడింగ్‌కు వెళ్లాడు. తర్వాత రాత్రిళ్లు ట్రాక్టర్ తోలాడు. ఇప్పుడు ‘పైలట్’ పని చేస్తున్నాడు. అంటే బైకు మీద ముందుగా వెళ్లి, పోలీసు జీపో తహసీల్దారు బండో వస్తోందేమో చూసి వెనకవాళ్లకు చెప్పడం. రాత్రికి వెయ్యి రూపాయలు.

ఒక రాత్రి ఈయన వెతుక్కుంటూ వెళ్తే, వాడు కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడట. బైకు లైటు ఆర్పేసి, ఫోను వెలుగు బయటికి కనిపించకుండా చొక్కా లోపల పెట్టుకుని. దూరంగా రోడ్డు మీద ఒక లైటు కనపడగానే వాట్సాప్ గ్రూపులో ఒక చుక్క పెట్టాడు. ఒక చుక్క అంటే ఆగమని, రెండు చుక్కలంటే రమ్మని. ‘ఇంటికి రారా’ అంటే వాడన్న మాట: “నీ బోర్లో నీళ్లు లేవు నాయనా, నా జోబులో దుడ్లుండాయి.”

కిందటి నెలలో గొడవ ముదిరింది. ఏట్లోకి దిగే ర్యాంపు మాదంటే మాదని ఈ ఊరివాళ్లూ అవతలి ఊరివాళ్లూ రాళ్లతో, పార కర్రలతో కొట్టుకున్నారు. అవతలి ఊరి కుర్రాడికి తల పగిలి పన్నెండు కుట్లు పడ్డాయి. ఆ కుర్రాడూ వీళ్లబ్బాయీ పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్నారు. ఆదివారమైతే ఆ ఏటి ఇసుకలోనే కలిసి క్రికెట్ ఆడేవాళ్లు.

ఇప్పుడు ట్రాక్టర్ల ఓనరు ఇంటికొచ్చి చెప్పిన మాట ఇదీ. “కొట్టింది మా తమ్ముడి కొడుకే, కానీ వాడికి ఇరవై నాలుగేళ్లు. మీవాడు మైనరు. నేనే కొట్టానని చెప్పమను. మైనరే కదా, ఏమీ కాదులే. మూణ్ణెల్లలో బయటికొస్తాడు. లాయరు ఖర్చు నాది.” కూతురి పెళ్లికి ఇదే ఓనరు దగ్గర తెచ్చిన ఎనభై వేలు ఇంకా బాకీ ఉంది. కువైట్‌లో ఉన్న బావమరిదేమో “రాత్రికి రాత్రి బెంగళూరు పంపించెయ్, పద్దెనిమిది నిండగానే ఇక్కడికి పిలిపించుకుంటా” అంటున్నాడు. భార్య మాత్రం “వాడు తెచ్చిన డబ్బుతో ఇన్నాళ్లూ ఇల్లు గడిచింది, ఇప్పుడు మంచీ చెడ్డా గుర్తొచ్చిందా?” అని నిలదీస్తోంది. “వాడు స్వతహాగా చెడ్డవాడు కాదు, సావాసం చెడింది. నన్నేం చేయమంటారు?” అని ఉత్తరం ముగించారు.

సమాధానం

ముందు తొందర పని మాట్లాడుకుందాం. మీవాడి మనసు, ఊరి సంగతి, ఏటి సంగతి తర్వాత.

ఓనరు చెప్పినదాంట్లో సగం నిజముంది, అందుకే అది మిమ్మల్ని ఊగిసలాటలో పడేసింది. ఆ సగమేమిటో మీకు స్పష్టంగా తెలియాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం గొడవ జరిగిన రోజుకి పద్దెనిమిది నిండకపోతే మీవాడు చట్టం దృష్టిలో బాలుడే. కేసు నడుస్తుండగా పద్దెనిమిది దాటినా సరే, ఆ రోజు వయసే లెక్క. వాణ్ణి లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లోగా, పిల్లల మీది కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బెయిలు ఇవ్వడమే అక్కడ మామూలు పద్ధతి. తప్పు చేశాడని తేలినా మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, ప్రొబేషన్ లాంటివి ఉంటాయి. మరీ గట్టిగా అయితే గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహానికి పంపొచ్చు. కేసు ముగిశాక పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా ఆ రికార్డు బయటపెట్టకూడదు. ఇంతవరకు ఓనరు మాట తప్పు కాదు.

ఆయన చెప్పని సగం కూడా వినండి. పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమని ఆరోపణ ఉంటే పిల్లవాడి విషయంలోనూ ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది. ఇక్కడ ఉన్నది అదే పరిస్థితి. బెయిలుకు కూడా ఒక మినహాయింపు ఉంది. బయటికి వదిలితే తెలిసిన నేరస్తుల సావాసంలో పడతాడని బోర్డు భావిస్తే నిరాకరించవచ్చు. మీవాడు బయటికొచ్చి మళ్లీ అదే ఓనరు బైకెక్కుతాడనిపిస్తే బోర్డు ఏమనుకుంటుందో ఆలోచించండి. అన్నిటికంటే ముఖ్యమైంది ఇది: ఆ దెబ్బ తగిలింది తలకి. కుట్లు మానితే సరే. ఆ కుర్రాడికి ఏదైనా జరగరానిది జరిగితే కేసు స్వభావమే మారిపోతుంది. హత్య లాంటి ఘోరమైన నేరాల్లో పదహారు దాటినవాళ్లను బోర్డు ప్రాథమికంగా అంచనా వేసి, పెద్దవాళ్లలాగా విచారించడానికి బాలల కోర్టుకు పంపవచ్చు. అక్కడ నేరం రుజువైతే, ఇందాక చెప్పిన రికార్డు రక్షణలన్నీ అలాగే నిలవవు. అప్పుడు ‘నేను కాదు, ఫలానావాడు కొట్టాడు’ అని చెప్పుకోవడానికి మీవాడికి నోరుండదు. తానే చేశానని ముందే ఒప్పుకున్నాడు కదా.

అలాగని “మావాడు కొట్టలేదు, ఊరికే నిలబడ్డాడు” అంటే అయిపోతుందని కూడా అనుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 190వ సెక్షన్ ఉంది. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఒక చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో గుమిగూడి, ఆ ఉద్దేశం కోసం వాళ్లలో ఒకడు నేరం చేస్తే, గుంపులో ఉన్న ప్రతివాడూ బాధ్యుడే. అందుకే వాడు చెప్పాల్సింది ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అక్కడ ఉన్నానా, ఎందుకున్నాను, ఎవరు రమ్మన్నారు, ఏం చూశాను, ఏం చేశాను, ఏం చేయలేదు. ఇది పోలీసులతో కంటే ముందు లాయరుతో చెప్పాలి. ఓనరు పెట్టే లాయరుతో మాత్రం వద్దు. ఫీజు ఎవరిస్తే కేసు వాళ్ల వైపు నడుస్తుంది, ఇందులో లాయర్లను తప్పుపట్టేదేం లేదు. పిల్లలకు ఉచితంగా లాయరును ఇవ్వాలని చట్టమే చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ పిల్లల కేసులు చూడటానికి బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరుంటారు. స్టేషన్‌కు పిలిస్తే ఆయన ఉన్నప్పుడే, మీరు పక్కన ఉండగానే మాట్లాడించమని అడగండి.

ఇంకో సంగతి. మీ ఎదుట ధైర్యంగా మాట్లాడుతున్న ఓనరు నిజానికి మీకంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. నేరం చేయించడానికి పిల్లల్ని పనిలో పెట్టుకున్నవారికి న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద మూడేళ్లకు తగ్గకుండా, పదేళ్ల దాకా శిక్ష పడుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల జరిమానా వేరు. మైనరుకు ట్రాక్టర్ ఇచ్చినందుకు మోటారు వాహనాల చట్టం 199ఏ కింద మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా, పన్నెండు నెలలు రిజిస్ట్రేషన్ రద్దు. కానీ ఈ చివరి సెక్షన్‌లో బండి యజమానితో పాటు సంరక్షకుడి పేరు కూడా ఉంటుంది. అంటే మీరు. వాడు రాత్రిళ్లు ట్రాక్టర్ తోలాడని మీకు తెలుసని మీ ఉత్తరంలోనే ఉంది. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఈ సెక్షన్లు పట్టుకుని ఆవేశంగా ఓనరు ఇంటిమీదికి వెళ్లకండి, ముందు లాయరుతో కూర్చోండి అని చెప్పడానికే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఓనరు మాట విని ఒప్పుకుంటే బాకీ సంగతి కొన్నాళ్లు ఎవరూ ఎత్తరు, ఊళ్లో ఓనరు అండ ఉంటుంది. కొట్టినవాడు బయట తిరుగుతాడు. తల పగిలిన కుర్రాడి కుటుంబానికి, వాళ్ల ఊరికి పగ మాత్రం మీ ఇంటిమీద ఉంటుంది. కాగితం మీద రికార్డు చెరిగిపోవచ్చు గానీ, ‘వాణ్ణి కొట్టింది ఫలానా వాడి కొడుకు’ అన్న మాట సంతలో, బస్టాండులో, పెళ్లిళ్లలో చెరగదు. రాయలసీమలో పెరిగిన మీకు ఇది నేను చెప్పాలా? ఫ్యాక్షన్ రోజుల్లో కేసులు నెత్తిన వేసుకుని కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లెవరో, ఆ కాంట్రాక్టులూ సారా పాటలూ దక్కించుకున్నవాళ్లెవరో మీ తరం కళ్లారా చూసింది. పైగా ఓనరుకు మీవాడు మైనరుగా పనికొచ్చేది ఇంకో ఐదు నెలలే. ఆ తర్వాత ఇంకో పదహారేళ్లవాణ్ణి చూసుకుంటాడు.

బావమరిది మాట విని రాత్రికి రాత్రి పంపేస్తే వాడు పాత గ్రూపుకి, ఆ కల్వర్టుకి దూరమవుతాడు. అది తీసిపారేయాల్సిన లాభం కాదు. కానీ కేసులో పేరుండగా చెప్పకుండా పోతే పరారీలో ఉన్నాడంటారు, బోర్డు ముందు మంచి మాట పోతుంది. కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు దగ్గర చిక్కొస్తుంది, కోర్టు అనుమతి లేకుండా ఇవ్వకపోవచ్చు. కువైట్ ప్లానుకి ఇదే అడ్డం. ఇంకా, తెలిసినవాళ్లు సరిగా పట్టించుకోకపోతే పదిహేడేళ్లవాడు బెంగళూరులో చేరేది ఏ కట్టుబడి పనిలోనో. మన ఏర్లలోని ఇసుక దొంగతనంగా పోయేది కూడా ఆ ఊరికే కదా, అక్కడా ఆ లారీల వాళ్లే పలకరిస్తారు.

మూడోది, సొంత లాయరుతో బోర్డు ముందుకెళ్లి ఉన్నది చెప్పడం. నాకు తోచినంతలో మీవాడికి తక్కువ నష్టం ఇందులోనే. తేలికైన దారి మాత్రం కాదు. ఓనరు మొహం తిప్పుకుంటాడు, బాకీ అడుగుతాడు, ఆ తమ్ముడి కొడుకు బెదిరించవచ్చు. అందుకే ఈ దారిలో వెళ్లేటప్పుడు బావమరిది సలహాలో పనికొచ్చే ముక్కను కూడా తీసుకోండి. మొదట బోర్డు ముందు హాజరు, తర్వాత బోర్డుకు చెప్పి, చిరునామా ఇచ్చి కొన్నాళ్లు చుట్టాలింటికి. ఊరు వదిలి వెళ్లడం తప్పు కాదు, చెప్పకుండా వెళ్లడమే చిక్కు. బెదిరింపులొస్తే ఫోన్లో వచ్చినవి తుడిచేయకుండా దాచండి, లాయరుకు చూపించండి.

ఆ ఎనభై వేల గురించి ఒక మాట. అది అప్పు, తీర్చాల్సిందే. కానీ అప్పిచ్చాను కాబట్టి నీ కొడుకు నా దగ్గర పనిచేయాలనడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. మీరు ఆ చట్టం పేరు కూడా ఎత్తక్కర్లేదు. ఇద్దరు పెద్దమనుషుల ముందు నెలకింత కడతానని చెప్పి, నగదు చేతికివ్వకుండా బ్యాంకు ఖాతా ద్వారా కట్టండి. అప్పు మీకూ ఆయనకూ మధ్య ఉండాలి. మీవాడి రాత్రులు అందులో జమ కాకూడదు.

ఇక మీ ఉత్తరంలో నాకు ఒప్పుకోబుద్ధి కాని మాట ‘సావాసం చెడింది’ అన్నది. అవతలి ఊళ్లో ఆ తల పగిలినవాడి తల్లి కూడా ఇదే అంటుంటుంది. రెండు ఊళ్లలో ప్రతి తండ్రికీ పక్కింటివాడి కొడుకే చెడు సావాసం. అందరూ మంచి పిల్లలే అయితే రాళ్లు విసిరిందెవరు?

మీ ఏటి సంగతే చూడండి. ఇసుక ఉన్నన్నాళ్లు వానాకాలం నీటిని అది దూదిలా పీల్చుకుని మిగతా ఏడాదంతా పక్క చేలకు వదిలేది. ఊట కాలువ పారిందీ, బోరు పోసిందీ దాని వల్లే. ఏటి అడుగు దిగిపోతే పక్కనున్న భూగర్భ నీటి మట్టం కూడా దానితో పాటే దిగుతుంది. అంటే మీ చేను నుంచి నీళ్లు లాగేసిన ఇసుక తవ్వకాలే, ఆ చేను నుంచి మీ కొడుకుని కూడా లాగాయి. సాగు గిట్టని ఇంట్లో చేతికొచ్చిన మగపిల్లాడికి ఊళ్లోనే రాత్రికి వెయ్యి రూపాయలిచ్చే పని ఒక్కటే కనపడింది. వాడు మీతో అన్న మాట పొగరు కావచ్చు, కానీ అందులో లెక్క ఉంది.

2024 జూలైలో ఉచిత ఇసుక విధానం వచ్చాక గొడవలెందుకు ఉంటాయని బయటివాళ్లు అడుగుతారు. ఏట్లో ఇసుకకు ధర లేకపోవచ్చు. ఏట్లోకి దిగే దారికి ఉంది, లోడింగ్‌కి ఉంది, ముందు ఎవరి బండి నిండాలనే వంతుకి ఉంది, జిల్లా దాటించి అమ్ముకుంటే వచ్చే లాభానికి ఉంది. ర్యాంపు ఎవరి చేతిలో ఉంటే అదంతా వాళ్లదే. ఇక ఉన్న ఇసుక ఏటేటా తగ్గుతోంది, తవ్వగలిగిన చోట్లు తగ్గుతున్నాయి, కాబట్టి మిగిలిన నాలుగు ర్యాంపుల దగ్గరే అందరూ. ఆ వంతు ఎవరిదో తేల్చే మనిషిగానీ, అందరూ నమ్మే కాగితంగానీ అక్కడ లేకపోతే తేల్చేది పార కర్రే. ఆ కర్ర పట్టుకోవడానికి పెద్దవాళ్లు రారు. వాళ్లకు భూములున్నాయి, బండ్లున్నాయి, పోగొట్టుకునేది ఉంది. తక్కువ డబ్బుకు వచ్చేవాడు, రాత్రంతా మేలుకోగలిగినవాడు, ‘నువ్వు లేకపోతే లైన్ నడవదురా’ అంటే పొంగిపోయేవాడు, దొరికినా చట్టం కాస్త మెత్తగా చూసేవాడు కావాలి. పదిహేడేళ్లవాడు అన్నిటికీ సరిపోతాడు.

పాతకాలం అంతా సజావుగా ఉండేదని చెప్పను. ఊట కాలువ నీళ్ల మీద కూడా తలలు పగిలేవి. కానీ పూడిక ఎవరు తీయాలో, ఎవరికెన్ని గంటల నీళ్లో ఒక లెక్క ఉండేది, చెరువుల కింద ఆ లెక్క చూడటానికి నీరుగంటి ఉండేవాడు, తగాదా వస్తే రచ్చబండ ఉండేది. ఇసుకకు అలాంటిదేదీ ఊరి చేతిలో లేదు. ఉన్న నియమాలు ఆఫీసుల్లో ఉన్నాయి. మూడు మీటర్ల లోతు గానీ నీటి మట్టం గానీ ఏది ముందొస్తే అక్కడ తవ్వకం ఆపాలన్న నియమం మీ ఏట్లో ఎవరికైనా తెలుసా? మీవాడికి తెలిసిన నియమమల్లా ఒక చుక్క, రెండు చుక్కలు.

ఇదంతా చెప్పింది వాడి తప్పు మాఫీ చేయడానికి కాదు. అదే ఊళ్లో, అదే ఎండిన బోర్ల మధ్య, ఆ బైకెక్కని పిల్లలు కూడా ఉన్నారు. వాడితో ఎలా మాట్లాడాలో మీకు తెలియాలని చెప్పాను. ‘చెడు సావాసం మానెయ్’ అంటే వాడి చెవికెక్కదు, ఎందుకంటే వాడి దృష్టిలో వాళ్లు సావాసగాళ్లు కాదు, ఉద్యోగంలో తోటివాళ్లు. ఉద్యోగం లెక్కలోనే అడగండి. ట్రాక్టర్ ఎవరి పేరు మీద ఉంది? కల్వర్టు మీద ఓనరు తమ్ముడి కొడుకు ఎప్పుడైనా కూర్చున్నాడా? ఫిర్యాదులో ఎవరి పేర్లున్నాయి, ఎవరివి లేవు? పద్దెనిమిది నిండాక పట్టుబడితే ఏమవుతుంది? ఆ చివరిదానికి జవాబు మీ దగ్గర ఉండాలి. గనుల చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. దానికి తోడు దొంగతనం కేసు విడిగా పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. వాడి బైకు కూడా పోతుంది. అడిగి ఊరుకోండి. జవాబు అప్పటికప్పుడు రాకపోయినా ఫరవాలేదు, తిట్టి తలుపేసుకునేలా మాత్రం చేయకండి.

మీ ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం మీకు తప్పించుకునే వీల్లేనిది. ఆ డబ్బు ఇంట్లోకి వచ్చినన్నాళ్లు ఎవరూ వద్దనలేదు. ఇప్పుడు వాణ్ణి మానమంటే ఆ వెయ్యి ఇంట్లోకి రాదని ముందు మీరిద్దరూ ఒప్పుకుని, అది లేకుండా ఎలా గడపాలో కూర్చుని లెక్క వేసుకోవాలి. కూరగాయలు తగ్గుతాయా, చీటీ ఆగుతుందా, మీరు ఇంకో పనికి పోవాలా. ఆ లెక్క మీవాడి ముందే వేయండి. ‘వాడి డబ్బు కావాలి, వాడు మాత్రం వెళ్లకూడదు’ అన్న ఇంట్లో ఏ పిల్లాడూ మాట వినడు.

వాడి చేతులకు ట్రాక్టర్ అంటే ఇష్టమని మీ ఉత్తరంలో రెండుచోట్ల ఉంది. దాన్ని వదులుకోకండి. ఐటీఐలో మెకానిక్ ట్రాక్టర్, మెకానిక్ డీజిల్ ట్రేడులు పదో తరగతి పాసైనవాళ్లకు ఏడాది కోర్సులు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ట్రాక్టర్లు, పనిముట్లు నడపడం, బాగుచేయడం అక్కడ నేర్పుతారు. పద్దెనిమిది నిండాక వెళ్లి కనుక్కోమనండి. పోయిన రెండు సబ్జెక్టులు సప్లిమెంటరీలో రాయొచ్చు, లేదా ఓపెన్ స్కూల్లో పూర్తిచేయొచ్చు. వీటిలో ఏదీ రాత్రికి వెయ్యి ఇవ్వదు. మొదటి రెండేళ్లు వాడి చేతిలో ఇప్పటికంటే తక్కువే ఉంటుందని మీరే ముందు చెప్పండి. వాడు ఎలాగూ ఆ లెక్క వేసుకుంటాడు, మీరు దాచినట్టు ఉండకూడదు. చదువు, శిక్షణ మొదలైనట్టు కాగితం ఉంటే బోర్డు ముందు కూడా అది మీవాడి వైపు మాట్లాడుతుంది.

తల పగిలిన పిల్లాణ్ణి పరామర్శించాలని మీకు ఉండి ఉంటుంది. కేసు నడుస్తుండగా నేరుగా వాళ్లింటికెళ్తే, రాజీకి ఒత్తిడి తెస్తున్నారనో బెదిరించారనో అర్థం చేసుకోవచ్చు. ఇద్దరికీ పాఠాలు చెప్పిన పదో తరగతి మాస్టారు ఉన్నారన్నారు కదా. లాయరుతో మాట్లాడి, ఆయన ద్వారా వెళ్లండి. డబ్బు ప్రస్తావన తేకండి, కేసు ప్రస్తావన తేకండి. ఇప్పుడే మీవాణ్ణి వెంట తీసుకెళ్లకండి.

ఏటి విషయానికొస్తే, మీ బోరు ఒక్కటే కాదు, అవతలి ఒడ్డు రైతుల బోర్లు కూడా ఎండి ఉంటాయి. ర్యాంపు మీద కొట్టుకుంటున్న రెండు ఊళ్లకూ నష్టం ఒకటే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రెండు ఊళ్ల రైతులు కలిసి ఒకే అర్జీ ఇస్తే దాని బరువు వేరు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి ఇసుక కమిటీ ఉంటుంది, నీటినీ భూమినీ చెట్లనూ కాపాడటానికి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అవీ కదలకపోతే చెన్నైలో పర్యావరణ కేసులు చూసే హరిత ట్రైబ్యునల్ బెంచి ఉంది. కానీ ఈ నెలలో వద్దు, మీరు ఒంటరిగా అసలు వద్దు. కేసు వేడిమీద ఉండగా మీ ఒక్కరి సంతకంతో అర్జీ వెళ్తే అది మీ కొడుకు కేసుకు ప్రతీకారంలా కనిపిస్తుంది, ఆ కోపం రాత్రిపూట మీ చేను మీద చూపిస్తారు. బోర్లు ఎండినవాళ్ల పేర్లు, ఎప్పుడు ఎండాయి, ఎంత లోతున నీళ్లుండేవి అన్నవి మాత్రం ఇప్పట్నుంచే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఈ వారంలో చేయాల్సింది ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్ వెతికి మీ దగ్గర పెట్టుకోండి. వాడి వయసుకు అదే రుజువు. ‘లాయరుకు చూపించాలి, ఇవ్వు’ అని ఓనరు మనిషి వస్తే జిరాక్స్ కూడా ఇవ్వకండి. న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లేటప్పుడు దాన్నీ, మీ ఆధార్‌నూ, ఓనరు ఏ రోజు వచ్చి ఏమన్నాడో రాసుకున్న కాగితాన్నీ తీసుకెళ్లండి. వీలైతే మీ ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి. ఆమె అడిగే ప్రశ్నలు మీ ప్రశ్నల కంటే సూటిగా ఉన్నాయి.